పాత బండి విలువ దాని కొలతల్లో ఉంటుంది

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి 1998 నవంబరులో ప్రారంభించారు. అప్పటికి మైసూరులో యెజ్డీ మోటార్‌సైకిళ్ల తయారీ ఆగిపోయి రెండేళ్లయింది. అయినా ఇవాళ మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో కవరు కప్పిన పాత యెజ్డీ రోడ్‌కింగ్‌లూ మద్రాసు బుల్లెట్లూ కనిపిస్తూనే ఉంటాయి. నాన్న నడిపిన బండిని ఊరి నుంచి తెచ్చుకున్నవాళ్లున్నారు. తుప్పుపట్టిన బండిని కొని, జీతంలోంచి నెలకింత తీసి బాగుచేయించుకున్నవాళ్లున్నారు. ఉద్యోగం వేరే దేశానికి మారినప్పుడో, సెల్లార్‌లో రెండు బళ్లకు చోటు లేనప్పుడో అవి అమ్మకానికి వస్తాయి.

అప్పుడు మొదలవుతుంది అసలు చిక్కు. అమ్మేవాడు ఇంజిన్ పూర్తిగా విప్పి చేయించానంటాడు. కొనేవాడికి మాత్రం కొత్త పెయింటు, మెరిసే క్రోమ్, కుట్టించిన సీటు కనిపిస్తాయి. ఖర్చులో పెద్ద భాగం ఇంజిన్ లోపలికి పోయింది, అది కంటికి ఆనదు. పాత బండి కొనుగోలులో మోసాలు, అపనమ్మకాలు, అన్యాయపు బేరాలు ఎక్కువగా ఈ ఒక్క చోటి నుంచే పుడతాయి. దీనికి విజ్ఞానం దగ్గర మంచి మందు ఉంది. బాగుచేసిన బండిని అమ్మేవాడు ఫొటోలతో పాటు కొలతలు కూడా ఇవ్వాలి. ఏ కొలతలు, ఎందుకు అన్నది తెలియాలంటే ఒక రోడ్‌కింగ్‌నూ ఒక బుల్లెట్‌నూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఒకే పని, రెండు పద్ధతులు

రోడ్‌కింగ్‌ను ఐడియల్ జావా కంపెనీ 1978 నుంచి 1996 వరకు మైసూరులో తయారు చేసింది. మూలం చెకోస్లొవేకియా జావా. బుల్లెట్ కథ 1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ చేతులు కలపడంతో మన దగ్గర మొదలైంది. తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో దశాబ్దాల పాటు దాదాపు అదే ఇంజిన్ తయారైంది.

రెండూ దూరప్రయాణాలకు పేరున్న బళ్లే. రెండింటికీ ఒకటే సిలిండర్. రోడ్‌కింగ్‌లో సిలిండర్ వ్యాసం 65 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 75 మిల్లీమీటర్లు. బుల్లెట్ 350లో 70, 90. అంటే రెండింటిలోనూ స్ట్రోక్ వ్యాసం కంటే ఎక్కువ. ఇలాంటి ఇంజిన్లకు తక్కువ వేగంలోనే లాగే బలం ఉంటుంది. సామాను కట్టుకుని వెనక ఒకరిని ఎక్కించుకుని అనంతగిరి గుట్టలెక్కినా, మాటిమాటికీ గేరు తగ్గించాల్సిన పని ఉండదు. పోలిక అక్కడితో సరి. రోడ్‌కింగ్ టూ స్ట్రోక్, బుల్లెట్ ఫోర్ స్ట్రోక్. ఒకదానికి ప్రాణాంతకమైన లోపం రెండోదానికి అసలు రాదు. అందుకే రెండింటినీ ఒకే మాటతో, ‘ఇంజిన్ ఓకే’ అని అమ్మకూడదు.

రోడ్‌కింగ్: క్రాంక్‌కేసు కూడా ఒక పంపే

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో వాల్వులు ఉండవు. పిస్టన్ పైకి పోతున్నప్పుడు దాని కింద క్రాంక్‌కేసులో పీడనం తగ్గి, కార్బురేటర్ నుంచి పెట్రోలు, గాలి లోపలికి వస్తాయి. పిస్టన్ దిగుతున్నప్పుడు ఆ మిశ్రమం నొక్కుకుని, పక్క దారుల గుండా సిలిండర్‌లోకి ఎగబాకుతుంది. క్రాంక్‌కేసు ఇక్కడ గాలి పంపులా పనిచేస్తుంది కాబట్టి దానికి ఎక్కడా చిల్లు ఉండకూడదు.

ఆ కట్టుదిట్టం క్రాంక్ రెండు చివరలా ఉండే ఆయిల్ సీళ్ల మీద ఆధారపడుతుంది. చవకైన చిన్న రబ్బరు వలయాలు అవి. బండి ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే పెదవి గట్టిపడి పగులుతుంది. మ్యాగ్నెటో వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి దూరి మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది. అలాంటి మిశ్రమం పిస్టన్‌ను మితిమీరి వేడెక్కిస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే అటు ఉన్న ఆయిల్‌ను ఇంజిన్ పీల్చేసుకుంటుంది. ఎంత ట్యూన్ చేసినా పొగ తగ్గదు, ఆయిల్ లెవెల్ మాత్రం నెలనెలా పడిపోతుంది.

దీన్ని పట్టుకునే పరీక్ష చాలా సులువు. రెండు సైలెన్సర్ల దారులు, కార్బురేటర్ నోరు రబ్బరు బిరడాలతో మూసేస్తారు. ప్లగ్గు చోట ఒక గొట్టం బిగించి, చిన్న చేతి పంపుతో లోపలికి కొద్దిపాటి పీడనం, 0.4 బార్ చాలు, ఎక్కిస్తారు. గేజి ముల్లు కొన్ని నిమిషాల పాటు కదలకుండా నిలవాలి. ముల్లు దిగుతుంటే బ్రష్‌తో సబ్బునీళ్లు పూసుకుంటూ పోవాలి. కేసు అతుకు దగ్గరో, సిలిండర్ కింది గ్యాస్కెట్ దగ్గరో, సీలు అంచునో ఎక్కడ బుడగలు వస్తే అక్కడ లీకు. ఈ పరీక్ష చేసి ముల్లు ఎంతసేపు ఎక్కడ నిలిచిందో రాసిచ్చిన కాగితం, ట్యాంకు మీది బంగారు రంగు గీతల కన్నా ఎంతో విలువైనది.

రెండో కొలత సిలిండర్‌ది. ‘బోరింగ్ అయింది’ అంటే సరిపోదు. అరిగిన సిలిండర్‌ను లేత్ షాపులో కాస్త పెద్దది చేసి, ఆ మేరకు పెద్ద పిస్టన్ వేస్తారు. 0.25, 0.50, 0.75 మిల్లీమీటర్లు, ఇలా ఓవర్‌సైజులు ఉంటాయి. ఆఖరి సైజు దాకా వచ్చేసిన సిలిండర్‌కు మళ్లీ బోరింగ్ ఉండదు, కొత్త స్లీవ్ దిగాల్సిందే. కాబట్టి కొనేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇప్పుడున్నది ఎన్నో సైజు అని.

పిస్టన్‌కు, గోడకు మధ్య సందు ఇంకా ముఖ్యం. పిస్టన్ అల్యూమినియం, సిలిండర్ పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. లెక్కేస్తే 65 మిల్లీమీటర్ల వ్యాసం 100 డిగ్రీలు వేడెక్కినప్పుడు, మామూలు అల్యూమినియం 0.15 మిల్లీమీటర్లు పెరిగితే ఇనుము 0.07 దగ్గర ఆగుతుంది. అంటే చల్లగా ఉన్నప్పుడు వదిలిన సందులోంచి 0.08 మిల్లీమీటర్లు మాయం. మన తలవెంట్రుక మందం కూడా ఇంచుమించు అంతే. పిస్టన్ లోహంలో సిలికాన్ కలిపి ఈ వ్యాకోచాన్ని కొంత తగ్గిస్తారు, పిస్టన్ కింది భాగం పైభాగం అంత వేడెక్కదు కూడా. అయినా సందు మరీ బిగువుగా వదిలితే పిస్టన్ గోడను పట్టేస్తుంది. మెకానిక్కులు ‘సీజ్ అయింది’ అనేది దీన్నే. వదులుగా వదిలితే చప్పుడు చేస్తూ తొందరగా అరుగుతుంది.

ఇక వాడకంలో ఒక మెలకువ ఉంది. దాన్ని అమ్మేవాడు నోటితో చెప్పి తీరాలి. ఈ ఇంజిన్‌కు కందెన పెట్రోలులో కలిపిన టూటీ ఆయిల్ ద్వారానే అందుతుంది. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగేటప్పుడు, బుల్లెట్ నడిపిన అలవాటుతో యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేరులోనే వదిలేస్తే, ఇంజిన్ వేగంగా తిరుగుతూ ఉంటుంది, పెట్రోలు రాదు, పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా రాదు. మధ్యమధ్యలో కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ దిగాలి. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల కొత్త పిస్టన్ సెట్ మొదటి ప్రయాణంలోనే పాడైపోవచ్చు.

బుల్లెట్: వేళ్లతో తిప్పి చూసే సందు

బుల్లెట్‌లో ఆయిల్ పెట్రోలుతో కలవదు. క్రాంక్‌కేసు పోతలోనే ఒక పక్కగా ఉన్న ట్యాంకు నుంచి ఒక చిన్న పంపు ఆయిల్‌ను తోస్తే, ఇంకొకటి వెనక్కి లాగుతుంది. బండి వారాల తరబడి నిలబడితే ఆయిల్ మెల్లగా క్రాంక్ వైపు జారి చేరుతుంది. తొలి కిక్కులకు స్టార్టయ్యి కాసేపు తెల్లగా పొగ వదిలి, తర్వాత పొగ ఆగిపోతే అది ఈ జారిన ఆయిలే కావచ్చు. ఇంజిన్ వేడెక్కాక కూడా నీలం పొగ ఆగకపోతే మాత్రం రింగులనో, వాల్వు గైడ్లనో అనుమానించాలి. ఈ తేడా తెలియక మంచి బండిని వదులుకున్నవాళ్లూ ఉంటారు, చెడ్డబండిని కొన్నవాళ్లూ ఉంటారు.

అసలు మెకానిక్ పనితనం టాపెట్ల దగ్గర బయటపడుతుంది. ఇంజిన్ కుడి వైపు చిన్న మూత తీస్తే లోపల రెండు పుష్ రాడ్లు నిలువుగా కనిపిస్తాయి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండగా, పిస్టన్ పైకొచ్చి రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో, ఆ రాడ్డును బొటనవేలు, చూపుడు వేలు మధ్య పట్టి తిప్పాలి. అడ్డం లేకుండా తిరగాలి, కానీ పైకీ కిందికీ కదలిక తెలియకూడదు. అంతటి సన్నని సర్దుబాటు అది. బిగువుగా ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోదు. మంటల మధ్య ఉండే ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని మూసుకున్నప్పుడు, సీటుకు ఆనుకున్నప్పుడు వదిలించుకుంటుంది. ఆనకపోతే వేడి పోయే దారి లేక అంచులు మాడిపోతాయి. వేడి ఇంజిన్ మీద ఈ సర్దుబాటు కుదరదు, ఎందుకంటే సిలిండర్, హెడ్డు, రాడ్లు వేడికి వేర్వేరు మోతాదుల్లో పెరుగుతాయి.

ఈ జంటను బాగుచేసేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. రోడ్‌కింగ్ మరలన్నీ మెట్రిక్ పద్ధతివి, వాటి దంతాల కోణం 60 డిగ్రీలు. పాత మద్రాసు బుల్లెట్లలో చాలా చోట్ల బ్రిటిష్ మరలుంటాయి. వాటిలో బీఎస్ఎఫ్ వంటి వాటి దంతాల కోణం 55 డిగ్రీలు. చూపుకు ఒకేలా ఉన్న బోల్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. స్పానర్‌తో ఇంకొంచెం నొక్కితే అల్యూమినియం కేసులో మర తెగిపోతుంది. రాణిగంజ్‌లోనో పుత్లీబౌలిలోనో కొన్న బోల్టును వేలితో చివరి దాకా తిప్పి చూశాకే స్పానర్ పట్టాలి. అమ్మేటప్పుడు రెండు బళ్ల స్పేరు పార్టులను ఒకే డబ్బాలో కలిపి ఇవ్వకూడదు.

మాదాపూర్ గాలి, బంకులో పెట్రోలు

కార్బురేటర్‌కు కంప్యూటర్ ఉండదు. ఒక జెట్ రంధ్రం ఎంత ఉందో అంతే పెట్రోలు ఇస్తుంది. గాలి మారినా, పెట్రోలు మారినా దానికి తెలియదు. సైబరాబాద్‌లో ఈ రెండూ మారాయి.

హైదరాబాద్ సముద్రమట్టానికి అర కిలోమీటరుకు పైగా ఎత్తున ఉంది. ఇక్కడి వాయుపీడనం సముద్రతీరం కంటే సుమారు ఆరు శాతం తక్కువ. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో గాలి ఇంకా పలచబడి, తీరంలో 15 డిగ్రీల గాలితో పోలిస్తే సాంద్రత దాదాపు 14 శాతం తగ్గుతుంది. గాలి పలచనైతే కార్బురేటర్ మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. ఈ లెక్కలో ఏడెనిమిది శాతం పెరుగుతుంది. జనవరి తెల్లవారుజామున చలిగాలిలో ఆ పెరుగుదల మూడు శాతానికి పడిపోతుంది.

పెట్రోలు వైపు మార్పు దీనికి ఎదురు దిశలో ఉంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో మొదలై, 2025 నాటికి దేశమంతా పరుచుకుంది. ఒక కిలో మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌లో ముందే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి 9 కిలోలు చాలు. 20 శాతం కలిస్తే అవసరం సుమారు 13.5కు దిగుతుంది. పాత జెట్ మాత్రం పాత లెక్కనే నడుస్తుంది. అంటే మిశ్రమంలో ఇంధనం పాలు దాదాపు ఎనిమిది శాతం తక్కువపడుతుంది.

ఇప్పుడు రెండు లెక్కలూ కలపండి. మే మధ్యాహ్నం మాదాపూర్‌లో ఎండ చేసే తప్పును ఇథనాల్ దాదాపుగా సరిదిద్దేస్తుంది. బండి చక్కగా నడుస్తుంది, మెకానిక్ జెట్ మార్చక్కర్లేదంటాడు. అదే బండి జనవరి ఉదయాన ఐదు శాతం ఇంధనం తక్కువగా నడుస్తుంది. విశాఖపట్నం కొనుగోలుదారు తీసుకెళ్తే అక్కడి చిక్కని గాలిలో తేడా ఇంకా పెరుగుతుంది. బుల్లెట్ ఈ తేడాను కొంత భరిస్తుంది. రోడ్‌కింగ్ పిస్టన్‌కు మాత్రం ఇది నేరుగా ముప్పు. అందుకే ట్యూనింగ్ ఏ నెలలో చేశారో, ఏ ఊళ్లో చేశారో, ఏ సైజు జెట్ ఉందో రాసివ్వాలి. ఒక సైజు పెద్ద జెట్ వేసి, ప్లగ్గు రంగు చూసి నిర్ధారించుకోవడం మేలు.

ఇథనాల్‌కు ఇంకో గుణం ఉంది, అది నీటిని లాక్కుంటుంది. నెలల తరబడి కదలని బండిలో నీరు మోతాదు మించితే ఇథనాల్, నీరు కలిసి అడుగున వేరే పొరగా దిగుతాయి. టూటీ ఆయిల్ పైన పెట్రోలులోనే మిగులుతుంది. పెట్రోలు కాక్ అడుగు నుంచి తీసుకుంటుంది కాబట్టి ఇంజిన్‌కు మొదట వెళ్లేది ఆయిల్ లేని పొర. పాత రబ్బరు పైపులు, వాషర్లు కూడా ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడతాయి. బాగుచేసేటప్పుడు వాటిని ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చారా లేదా అనేది అమ్మకపు కాగితంలో ఉండాల్సిన ఇంకో సంగతి.

బేరం వెనక ఉన్న శాస్త్రం

అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకుని ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోతే సంత ఎలా చెడుతుందో అందులో చూపించారు. ఆ మార్గంలో చేసిన కృషికి 2001లో మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిసి నోబెల్ అందుకున్నారు.

ఆ వాదాన్ని మన బళ్లకు అన్వయిద్దాం. లోపలి దాకా బాగుచేసిన బండి రెండు లక్షలు చేస్తుందనీ, పైపైన మెరిపించింది లక్షే చేస్తుందనీ, సంతలో రెండూ సగం సగం ఉన్నాయనీ అనుకోండి. ఏది ఏదో తెలియని కొనుగోలుదారు మధ్యస్తంగా లక్షన్నర ఇస్తానంటాడు. ఆ ధరకు పైపై బండివాడు సంతోషంగా అమ్ముతాడు. నిజంగా ఖర్చుపెట్టినవాడు అమ్మకుండా వెనక్కి తగ్గుతాడు. సంతలో మంచి బళ్లు తగ్గేకొద్దీ కొనేవాళ్లు ఇంకా భయపడి ఇంకా తక్కువ ఇస్తారు. శ్రద్ధగా పనిచేసే మెకానిక్‌కు కూడా దీనివల్ల గిరాకీ పోతుంది. నష్టం ఒక్క బేరంతో ఆగదు.

దీనికి విరుగుడు స్పెన్స్ చెప్పిన సంకేతం. మంచి బండివాడికి తేలికైనది, చెడ్డ బండివాడికి కష్టమైనది అయిన పని ఏదో అదే నమ్మదగిన సంకేతం. ఇంజిన్‌ను ముందే వేడిచేసి పెట్టకుండా, చల్లటి బండికి కొనేవాడి చేతే కిక్కు కొట్టించడం అలాంటిది. పీడన పరీక్ష ఎదురుగా చేసి చూపడం, లేత్ షాపు రాసిచ్చిన సిలిండర్ కొలతలు ఇవ్వడం, తీసేసిన పాత పిస్టన్‌నూ బేరింగులనూ డబ్బాలో పెట్టి ఇవ్వడం కూడా అంతే. పని చేయించనివాడి దగ్గర ఇవి ఉండవు. జంటగా అమ్మకానికి పెట్టినా, రెండు బళ్లకూ రెండు ధరలు, రెండు కాగితాలు ఉండాలి. అప్పుడు ఒకదాని మంచి పేరు రెండోదాని లోపాన్ని కప్పదు.

కాగితాల లెక్క

కేంద్రం 2021 జులైలో పాత వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బళ్లకు నంబరులో ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ గుర్తింపు ఇస్తారు. 1978లో వచ్చిన తొలి రోడ్‌కింగ్ కూడా 2028 దాకా ఈ లెక్కలోకి రాదు. 1970కి ముందు బుల్లెట్ వస్తుంది. అయితే ఆ గుర్తింపు తీసుకున్న బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజువారీగా నడపకూడదు. తిరగాలని కొనేవాడికి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకునే మామూలు ఆర్సీనే నయం.

ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోవాలి. నంబరు దగ్గర పెయింటు మందంగా పూసి ఉంటే పెన్సిల్ అచ్చు సరిగా పడదు. పెయింటుకు ముందే నంబర్లను ఫొటో తీసి పెట్టుకోవడం తెలివైన పని. ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికైతే 45 రోజుల్లో అమ్మినట్టు ఆర్టీఏకు తెలపాలి. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. బండి ఇచ్చేసి పేరు మార్పించకుండా వదిలేస్తే, రేపు జరిగే ప్రమాదానికి అమ్మినవాడే జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఒక్క పేజీ చాలు

ఇన్ని సంగతులూ ఒక పేజీలో పడతాయి. సిలిండర్ పైన, మధ్యన, కింద రెండేసి దిక్కుల్లో తీసిన ఆరు కొలతలు, పిస్టన్ సైజు, మధ్య సందు, క్రాంక్ వంపు, పీడన పరీక్ష ఫలితం, జెట్ సైజు, ట్యూనింగ్ చేసిన ఊరు, నెల, మార్చిన రబ్బరు భాగాలు, మార్చకుండా వదిలేసినవి. ఆఖరిది అన్నిటికన్నా ముఖ్యం. క్లచ్ ప్లేట్లు మార్చలేదనో, స్పీడోమీటర్ పనిచేయదనో రాసిన అమ్మకందారు మిగతా మాటలను కొనేవాడు నమ్ముతాడు.

రోడ్‌కింగ్ చేసిన ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. 2022లో యెజ్డీ పేరుతో కొత్త బళ్లు వచ్చాయి కానీ వాటి ఇంజిన్లు వేరు, ఆ సర్వీసు సెంటర్లో పాత టూ స్ట్రోక్ లెక్కలు అడిగితే ప్రయోజనం ఉండదు. ఇప్పుడు ఈ బళ్ల గురించిన విద్య లేత్ షాపుల్లో, వయసు మళ్లిన మెకానిక్కుల చేతుల్లో, సొంత బండిని విప్పి కొలిచిన యజమానుల నోటు పుస్తకాల్లో మాత్రమే మిగిలింది. ప్రతి అమ్మకంతో ఆ విద్య ఒక చేతి నుంచి ఇంకో చేతికి చేరవచ్చు, లేదా అక్కడితో తెగిపోవచ్చు. కొలతల కాగితం లేకుండా బండి చేతులు మారితే, కొత్త యజమాని మళ్లీ మొదటి నుంచి ఇంజిన్ విప్పించాలి, మళ్లీ ఒక ఓవర్‌సైజు ఖర్చవుతుంది. దొరకని సిలిండర్లు అలా ఒక్కొక్కటే అయిపోతాయి. పాత బళ్లను ప్రేమించేవాళ్లు వాటికి చేయగల పెద్ద మేలు, అమ్మే రోజున ఆ ఒక్క పేజీని ఆర్సీతో పాటు చేతిలో పెట్టడం.